పక్క సీటు మనిషి

యాత్ర బస్సు మేనేజరు తలలు లెక్కపెట్టడు. లెక్కపెట్టిన ప్రతిసారీ ఒక తల ఎక్కువో తక్కువో వస్తుందనీ, చివరికి తన తలే తిరుగుతుందనీ ఆయన బాధ. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బస్సు ఎక్కడ ఆగినా, మళ్ళీ కదిలే ముందు విజిల్ వేసి, సీట్ల మధ్య నడుస్తూ ఒక్కొక్కరినీ అడుగుతాడు.

"పక్కవాళ్ళు వచ్చారా?"

మన గురించి మనం చెప్పకూడదు. పక్క సీటు మనిషి గురించే చెప్పాలి. "రానివాడు నేను రాలేదండీ అని చెప్పలేడు కదా! పక్కవాళ్ళే చెప్పాలి. మీ పక్క మనిషికి మీరే పూచీ," అని బయలుదేరేటప్పుడే అందరికీ అప్పగింతలు పెట్టేశాడు. తన పని జనం నెత్తిన రుద్ది, దానికి పద్ధతి అని పేరు పెట్టుకున్న ఘనుడు. అయితే ఇన్నేళ్ళలో ఒక్క మనిషినీ ఎక్కడా వదిలి రాలేదట. ఆ మాట కూడా ఆయనే చెప్పాడు.

బస్సు మధ్యలో, నడవా వైపు సీట్లో చెల్లెలు కూర్చుంది. ఆమెకు యాభై దాటాయి, జుట్టు సగం నెరిసింది, అయినా వీధి మొత్తానికి ఆమె చెల్లెలే. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి టైలరింగ్ షాపు నడిపారు. అక్క కొలతలు తీసేది, గుడ్డ కత్తిరించేది, వచ్చినవాళ్ళతో మాట్లాడేది, ఆలస్యమైతే తిట్లు తినేది, తిరిగి నాలుగు వడ్డించేది. చెల్లెలు తల వంచుకుని మిషను తొక్కేది. అక్కకు నోరు, చెల్లెలికి చేతులు ఇచ్చి దేవుడు సరిపెట్టాడని వీధిలో నవ్వుకునేవాళ్ళు. ఇద్దరూ పెళ్ళి జోలికి పోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే అక్కే జవాబిచ్చేది. "మా కొలతలకు సరిపోయే మొగుడు దొరకలేదు, దొరికినవాళ్ళంతా లూజు," అనేది.

ఈ యాత్రకు రెండు సీట్లు రాయించింది అక్కే. స్వామి రథం చూడాలని ఆమెకు ఎప్పటినుంచో పట్టు. భక్తి సంగతి ఎలా ఉన్నా, ఆ రథానికి కట్టే గుడ్డలు, కుచ్చులు, జెండాలు ఎలా కుడతారో దగ్గరగా చూడాలి. సీట్లు రాయించిన నెల తిరక్కుండా, ఒక మధ్యాహ్నం కటింగు బల్ల మీద గుడ్డ పరిచి సుద్దముక్కతో గీత గీస్తూ, ఆ గీత మీదికే ఒరిగిపోయింది. డాక్టరు వచ్చి చూసి గుండె అన్నాడు.

అప్పటినుంచీ చెల్లెలికి ఏమీ అనిపించడం లేదు. ఏడుపు రాలేదు. చుట్టాలు వచ్చారు, శోకాలు పెట్టారు, పిన్ని అయితే ఆమె భుజాలు పట్టుకుని "ఏడవవే, ఏడిస్తే తేలికవుతుంది," అని కుదిపి మరీ చెప్పింది. చెల్లెలు నిజంగానే ప్రయత్నించింది. స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, అక్క ముఖం తలుచుకుంటూ కూర్చుంది. ఆవలింత వచ్చింది. రాయి గుండె అని ఎవరో వంటింట్లో చెవులు కొరుక్కోవడం వినపడింది. అదీ పట్టలేదు. మూడు పూటలా ఇంత తిన్నది, పడుకుంది, లేచింది, వచ్చిన గుడ్డలు కుట్టింది. అక్క పోయిందన్న మాట ఆమె నోటితో ఎవరికీ చెప్పింది లేదు. చెప్పే అవసరం రాలేదు, పక్క షాపులవాళ్ళే అందరికీ చెప్పేశారు.

ఆమెకు ఉన్నది ఒక్కటే భయం. ఇక ఎప్పటికీ ఏమీ అనిపించదేమో, అక్కతో పాటు లోపలిదేదో కూడా పోయిందేమో, కన్నీళ్ళు రాకుండానే తన బతుకూ తెల్లారిపోతుందేమో అని. ఆ భయం కూడా దూరం నుంచి ఎవరిదో భయంలాగే ఉండేది. అందుకే బస్సు ఎక్కింది. దేవుడి దగ్గరైనా కళ్ళు తడుస్తాయేమో చూద్దామని.

మేనేజరు "రెండో ఆవిడ?" అని అడిగితే "మా అక్కకు వీలు కాలేదు," అంది.

ఆ ఖాళీ అయిన కిటికీ సీట్లోకి బిస్కెట్ల పెద్దమ్మ వచ్చి కూర్చుంది. పొట్టిగా, బొద్దుగా, ఆకుపచ్చ చీర కట్టుకుని, ఒళ్ళో పెద్ద చేతిసంచీతో. ఆ పేరు బస్సులోవాళ్ళు పెట్టిందే. పెద్దమ్మకు షుగరు. వేళకు ఇంత నోట్లో వేసుకోకపోతే కళ్ళు తిరిగి పడిపోతుంది. అందుకని సంచీ నిండా మాత్రలు, బిస్కెట్లు.

"అమ్మాయ్, నేను మాట్లాడతా మాట్లాడతా ఆగిపోయాననుకో, నోట్లో బిస్కెట్టు పెట్టెయ్. లోపలికి పోతే సరే, పోకపోతే డాక్టర్ని పిలువు," అంది ఎక్కగానే.

"అలాగే పెద్దమ్మగారూ."

"నువ్వేంటి, అసలు నోరే విప్పవు? మా కోడలూ ఇంతే. బంగారం లాంటి పిల్ల. కాకపోతే పొద్దస్తమానం లాకర్లో పెట్టినట్టు ఉంటుంది."

దారి పొడుగునా పెద్దమ్మ మాట్లాడింది. చెల్లెలు ఊ కొట్టింది. చెప్పడం ఒకరి పని, వినడం తన పని. అలవాటైన పనే కాబట్టి కష్టం అనిపించలేదు.

ఉత్సవం జరిగే చోటికి పొద్దున్నే చేరారు. బస్సులన్నీ ఊరి చివర పెద్ద మైదానంలో ఆపారు. గుంపులోకి సంచీలు తేవద్దని మేనేజరు గట్టిగా చెప్పాడు. పెద్దమ్మ తన సంచీని కిటికీ సీట్లో నిలబెట్టి, దాని మీద శాలువా కప్పి, కొంగులో రెండు బిస్కెట్లు మాత్రం ముడేసుకుని దిగింది.

జనం అంటే మామూలు జనం కాదు. వీధి ఏది, మనిషి ఏది తెలియనంత జనం. నడవనక్కర్లేదు, నిలబడితే చాలు, వాళ్ళే తీసుకుపోతారు. డప్పులు, సన్నాయిలు, మైకులు, కర్పూరం పొగ, చెమట, మల్లెపూలు. చివరికి వీధి మలుపులో రథం కనిపించింది. మేడ అంత ఎత్తు. చక్రాలు మనిషిని మించి ఉన్నాయి. అందరి చేతులూ ఒక్కసారిగా పైకి లేచాయి. పెద్దమ్మ రెండు చేతులూ జోడించి "తండ్రీ!" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కన నిలబడ్డ పోలీసు కూడా టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

చెల్లెలు చూసింది. రథం పైనుంచి దిగిన ఎర్ర గుడ్డల అంచు వంకరగా కుట్టి ఉంది. కుచ్చులు ఒక వైపు దగ్గర దగ్గరగా, ఇంకో వైపు దూరం దూరంగా పడ్డాయి. తొందరలో కుట్టారు అనుకుంది. ఎవరో తాడు చేతికి అందిస్తే పట్టుకుంది, అందరూ లాగితే లాగింది. హారతి పళ్ళెం వచ్చింది, మంట మీద చేయి పెట్టి కళ్ళకు అద్దుకుంది. చేతికి వేడి తగిలింది. అంతకు మించి ఏమీ లేదు. సరే, ఇక్కడ కూడా లేదు అనుకుంది. ఆ అనుకోవడంలో కూడా పెద్ద బాధేమీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు గుంపు ఇద్దర్నీ విడగొట్టింది. చెప్పులు వదిలిన చోట పెద్దమ్మ ఆకుపచ్చ చీర ఒకసారి కనిపించి మాయమైంది. వస్తుందిలే అనుకుని చెల్లెలు తన చెప్పులు వేసుకుని మైదానానికి నడిచింది. బస్సు ఎక్కి, తన సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది. కాళ్ళు లాగుతున్నాయి. పక్కన కిటికీ వైపు శాలువా మోచేతికి మెత్తగా తగులుతోంది.

విజిల్ వినపడింది. అడుగులు దగ్గరకు వచ్చాయి.

"పక్కవాళ్ళు వచ్చారా?"

చిన్నప్పుడు బడినుంచి ఇల్లు చేరగానే అమ్మ వంటింట్లోంచి అరిచేది, అక్క వచ్చిందా అని. పెద్దయ్యాక షాపు తలుపులు మూసే వేళ ఎదురింటి ముసలాయన అడిగేవాడు, అక్క వచ్చిందా అని. బతుకంతా ఆమె ఎక్కువసార్లు జవాబు చెప్పిన ప్రశ్న అదే. కళ్ళు తెరవలేదు.

"వచ్చింది," అంది.

బస్సు కదిలింది.

ఊరు దాటుతుండగా ఎవరో అడ్డం వస్తే డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. కిటికీ సీట్లో సంచీ ముందుకు దొర్లి కింద పడింది, బిస్కెట్ల పొట్లం బయటికొచ్చింది. చెల్లెలు కళ్ళు తెరిచింది. శాలువా ఉంది, సంచీ ఉంది, మనిషి లేదు.

 సంచీ అందుకుని లేచి నిలబడి "ఆపండి! ఆపండి!" అని అరిచింది. ఆ గొంతు విని ఆమే ఉలిక్కిపడింది. అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చి ఖాళీ సీటు చూసి నోరు వెళ్ళబెట్టాడు. "వచ్చిందన్నావుగా తల్లీ! నీ నోటితో నువ్వే అన్నావు కదా!"

"అన్నాను."

"చూసుకోకుండా ఎలా అన్నావమ్మా?"

 మేనేజరు కంగారుగా పెద్దమ్మ నంబరుకు ఫోను చేశాడు. చెల్లెలి చేతిలోని సంచీలోంచి ఫోను మోగింది. మాత్రలూ అందులోనే ఉన్నాయి, బిస్కెట్లూ అందులోనే ఉన్నాయి. బస్సులో అందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. పాపం షుగరు మనిషి అన్నారు. ఎండలో ఎక్కడ పడిపోయిందో అన్నారు. తొక్కేస్తారు ఆ జనంలో అని ముందు సీటాయన అన్నాడు, అలాంటి మాట అనకపోతే ఆయనకు అన్నం అరగదు.

ఆ ఇరుకు రోడ్డు మీద బస్సు వెనక్కి తిప్పడానికి లేదు. మేనేజరూ చెల్లెలూ దిగి, ఎదురొస్తున్న జనంలోంచి దారి చేసుకుంటూ వెనక్కి నడిచారు. చెల్లెలు సంచీని రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. పెద్దమ్మకు ఏదన్నా అయితే అది తన మాట వల్లే. ఈ సంగతి స్పష్టంగా తెలుస్తోంది.  ఎన్నాళ్ళ తరువాతో ఒంట్లో ఏదో కదులుతోంది, అది భయమే అయినా సరే.

"నేను చెప్పుల దగ్గర, మైదానంలో వెతుకుతా. నువ్వు ఆ మైకు డేరాకి పో. గుర్తులు చెప్పు, పిలుస్తారు," అని మేనేజరు ఒకవైపు పరిగెత్తాడు.

తప్పిపోయినవాళ్ళ డేరాలో బల్ల ముందు ఒక మైకు మనిషి కూర్చుని ఉన్నాడు. పొద్దుటినుంచీ పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. చుట్టూ ఏడ్చే పిల్లలు, తిట్టుకునే భార్యాభర్తలు. ఆయన చేతిలో టీ గ్లాసు, ముఖంలో విసుగు.

"ఎవరమ్మా తప్పిపోయింది?"

"పసుపు బస్సులో నా పక్క సీటావిడ. పెద్దావిడ."

"పెద్దావిడలు ఇక్కడ వేలమంది ఉన్నారు. గుర్తులు చెప్పు. త్వరగా."

చెల్లెలు నోరు తెరిచింది. ఆకుపచ్చ అన్న మాట నాలుక చివర ఉంది. వెనకనుంచి ఎవరో తోశారు, ఒక పిల్ల కాళ్ళకు చుట్టుకుంది, మైకు మనిషి "ఊ, చెప్పు చెప్పు," అని తొందరపెట్టాడు.

"పొడుగు," అంది ఆమె. "సన్నంగా ఉంటుంది. కళ్ళద్దాలు. ఒక కాడ విరిగితే నల్లదారంతో కట్టుకుంది. కుడికాలు కొద్దిగా ఈడుస్తుంది."

"ఇంకా?"

"మెడలో టేపు ఉంటుంది."

"టేపేంటి?"

"బట్టలు కొలిచే టేపు."

మైకు మనిషి టీ గ్లాసు కింద పెట్టాడు. "దేవుడి ఉత్సవానికి టేపు వేసుకొచ్చిందా? స్వామికి కొలతలు తీస్తుందా ఏమిటి?"

"ఎక్కడికైనా వేసుకునే వెళ్తుంది. తీసెయ్యమంటే వినదు. పెళ్ళిళ్ళకు కూడా అంతే. నవ్వుతుంది. ఎడమ చేతి వేళ్ళకు ఎప్పుడూ సుద్ద అంటుకుని ఉంటుంది. గట్టిగా మాట్లాడుతుంది, మీరు దూరంనుంచే గుర్తుపడతారు."

ఇంత పొడుగు మాట ఆమె నోట రావడం వీధిలో ఎవరన్నా వింటే కలనుకునేవాళ్ళు. మైకు మనిషికి అదేమీ తెలియదు. ఆయన మైకు దగ్గరకు లాక్కుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఆ గొంతు వీధి వీధినా కట్టిన మైకుల్లోంచి, రథం మీదుగా, మిద్దెల మీదుగా, మైదానం చివరిదాకా వెళ్ళింది.

"భక్తులకు విజ్ఞప్తి. పొడుగ్గా, సన్నంగా ఉండే ఒక అమ్మగారు తప్పిపోయారు. కళ్ళద్దాలు, కాడకు నల్లదారం. మెడలో బట్టలు కొలిచే టేపు ఉంది. వేళ్ళకు సుద్ద ఉంటుంది. నవ్వుతూ ఉంటారు. అమ్మా, మీరు ఎక్కడున్నా డేరా దగ్గరకు రావాలి. పసుపు బస్సులో మీ పక్క సీటావిడ మీకోసం ఎదురుచూస్తున్నారు. ఎవరికైనా కనిపిస్తే దయచేసి తీసుకురావాలి."

చెల్లెలు విన్నది. మొదట ఎవరినో పిలుస్తున్నారు అనుకుంది. టేపు అన్నప్పుడు తెలిసింది. సుద్ద అన్నప్పుడు డేరా గుంజ పట్టుకుంది. బయట జనంలో కొందరు నిజంగానే తలలు తిప్పి చుట్టూ చూస్తున్నారు. ఎవరో ఒక ఆడమనిషి తన పిల్లలతో "టేపు ఉన్నావిడట, చూడండి, చూడండి," అంటోంది. ఇంతమంది మనుషులు తన అక్క కోసం వెతుకుతున్నారు. అక్క ఈ జనంలో లేదు. ఏ జనంలోనూ లేదు. ఎంతమంది వెతికినా దొరకదు. అది ఆమెకు ఆ నిమిషంలో తెలిసింది, కొత్తగా, ఇంతకుముందు ఎవరూ చెప్పనట్టు.

తప్పు చెప్పానండీ, ఆ గుర్తులు కావు అనాలి. పెద్దమ్మ ఎక్కడో కళ్ళు తిరిగి పడి ఉండొచ్చు. అనడానికి నోరు తెరిస్తే మాట బదులు ఏడుపు వచ్చింది. మామూలు ఏడుపు కాదు. కడుపులోంచి తన్నుకొచ్చి, మోకాళ్ళ మీద కూలదోసే ఏడుపు. సంచీని పట్టుకుని నేల మీద కూర్చుని ఏడ్చింది. చుట్టూ ఉన్న పిల్లలు తమ ఏడుపు ఆపి ఆమెను చూశారు.

"దొరుకుతుందిలే అమ్మా, ఊరుకో. ఇక్కడ అందరూ దొరుకుతారు," అన్నాడు మైకు మనిషి. ఆయన గొంతులో విసుగు పోయింది.

"గుర్తులు... ఆవిడవి కావు... ఆకుపచ్చ చీర..." అని ఆమె అనబోతుండగానే డేరా గుమ్మంలో ఆకుపచ్చ చీర కనిపించింది. కాళ్ళకు చెప్పులు లేవు. మెడలో టేపు అసలే లేదు. చేతిలో సగం తిన్న అరటిపండు ఉంది.

"పసుపు బస్సు అన్నారు, మన బస్సేగా?" అంది బిస్కెట్ల పెద్దమ్మ. "నా చెప్పులు ఎవరో మహాతల్లి వేసుకుపోయింది. తిరిగొచ్చి ఇస్తుందేమోనని అక్కడే కూర్చున్నా. బిస్కెట్లు అయిపోతే ఎవరో పుణ్యాత్ముడు పండు ఇచ్చాడు. అయినా నాకేం భయం లేదు. బస్సులో నువ్వున్నావుగా, నేను రాకుండా కదలనిస్తావా అని ధీమాగా కూర్చున్నా."

చెల్లెలు ఆమె కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. "నేనే అన్నాను పెద్దమ్మగారూ. వచ్చిందని నేనే అన్నాను. బస్సు వెళ్ళిపోయింది."

 "బాగుంది. నిన్ను నమ్ముకుంటే నా పని గోవిందా అన్నమాట," అంది పెద్దమ్మ. తిట్టడానికి ఇంకా సరంజామా ఉన్నట్టే ఉంది గాని, ఆ ముఖం చూసి ఆగిపోయింది. పక్కనే నేల మీద చతికిలబడి, సంచీలోంచి మాత్ర తీసుకుని, నీళ్ళు అడిగి మింగింది. తరువాత నెమ్మదిగా అడిగింది.

"ఆ మైకులో చెప్పిన పొడుగావిడ ఎవరే? మన బస్సులో అలాంటావిడ లేదుగా."

"మా అక్క."

"వీలు కాలేదన్నావు కదా?"

"చనిపోయింది," అంది చెల్లెలు.

ఆ మాట ఆమె మొదటిసారి అన్నది. అని, పెద్దమ్మ భుజం మీద తల పెట్టి మళ్ళీ ఏడ్చింది. పెద్దమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకుండా ఉండడం ఆ ప్రయాణంలో అదే మొదలు.

బల్ల దగ్గర మైకు మనిషి ఇవేవీ వినలేదు. ఎవరి తప్పిపోయినవాళ్ళు ఎవరో ఆయనకు ఎలా తెలుస్తుంది. టీ తాగేసి, మైకు దగ్గరకు లాక్కుని, బొంగురు గొంతుతో మళ్ళీ అందుకున్నాడు. "భక్తులకు విజ్ఞప్తి. పొడుగ్గా, సన్నంగా ఉండే ఒక అమ్మగారు..."

"అయ్యో, ఇంకా పిలుస్తున్నాడే. ఆపమని చెప్పొస్తా ఉండు," అని పెద్దమ్మ నేల మీద చేయి ఆనించి లేవబోయింది.

చెల్లెలు ఆమె కొంగు పట్టుకుంది.

"ఉండండి పెద్దమ్మగారూ," అంది. "ఈ ఒక్కసారికి పిలవనివ్వండి."